కంపినోస్ అడవిలో కాలిబాట పరుగు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయము పరుగు. ఈ మాట వినగానే కొందఱు చిఱునవ్వు నవ్వుట సహజమే. మనవైపు వయసు మీఱిన గృహస్థు పరుగెత్తుచు కనబడినచో, గడ్డివాము అంటుకొన్నదో, ఎద్దు పలుపు త్రెంపుకొన్నదో, బస్సు కదలిపోవుచున్నదో యని ఎదురింటివారు అరుగు దిగివచ్చి చూతురు. వెనుక తఱుమువాడు లేక, ముందు అందుకొనవలసినది లేక, చీకటితో లేచి అడవిలోనికి పోయి రెండు మూడు గంటలు పరుగెత్తి, చెమటయు బురదయుగా ఇల్లు చేరువారు లోకమున వేలకొలదిగ నున్నారనిన నమ్ముట కష్టము. అయినను ఉన్నారు. వారు పరుగెత్తు అడవులలో నొకదానిని గూర్చి చెప్పుట ఈ ప్రసంగపు ఉద్దేశము. ఆ అడవి పోలండు దేశమున, రాజధానియగు వార్సా నగరపు ఎల్లను తాకి యున్నది. దాని పేరు కంపినోస్.

నిజమునకు అడవిదారి పరుగు మన దేశమునకు బొత్తిగా క్రొత్త కాదు. రైలును మోటారును రాకపూర్వము టపాసంచి మోయు బంట్రోతు గజ్జెలు కట్టిన బల్లెము చేతబట్టి అడవులగుండ పరుగెత్తెడివాడు. ఆ గజ్జెల చప్పుడునకు దారినపోవువారు తప్పుకొనెడివారు. మృగములును తొలగునని నమ్మకము. ఒక మజిలీవాడు మఱియొక మజిలీవానికి సంచి యందించి వెనుకకు మఱలెడివాడు. కాని అతని పరుగు జీతమునకు పరుగు. ఇప్పుడు చెప్పబోవునది జీతము లేనిది. పైపెచ్చు బూట్లకు సొమ్ము వ్యయమగునది.

దీనిని పాశ్చాత్యులు ట్రైల్ రన్నింగ్ అందురు. కాలిబాట పరుగు అని మనము చెప్పుకొనవచ్చును. మైదానమున గుండ్రముగ గీచిన బరిలో పరుగెత్తుట వేఱు, ఇది వేఱు. తారువేసిన త్రోవగాని సిమెంటు త్రోవగాని మొత్తము దూరములో పావువంతు మించరాదని పందెముల నియమము. తక్కినదంతయు మన్ను, ఇసుక, రాయి, వేరు, బురద, నీరు. ఇట్టి పరుగునకు 2013 లో ఒక అంతర్జాతీయ సంఘ మేర్పడెను. 2015 లో ప్రపంచమందలి పరుగుపందెముల నన్నిటిని పాలించు సంస్థ దీనిని తన శాఖలలో నొకటిగా అంగీకరించెను. మనుష్యుడు అడవిలో పరుగెత్తుట సంఘములు పుట్టుటకు ఎన్నియో వేల సంవత్సరములకు ముందే కలదు గనుక, సంఘముల చరిత్రతో అంతగా పనిలేదు. అడవిలోనికి పోవుదము.

పోలిష్ భాషలో సామాన్యమగు అడవిని లాస్ అందురు. మిక్కిలి పురాతనమై, విశాలమై, మనుష్యుని గొడ్డలి పూర్తిగ లొంగదీయజాలని దానిని పూష్చా అందురు. తెలుగున అడవికిని కారడవికిని ఉన్న భేదము వంటిదే యిది. కంపినోస్ రెండవ కోవకు చెందినది. విస్తులా నదికి దక్షిణపు ఒడ్డున, తూర్పు పడమరలుగ సాగిన ఈ వనము విస్తీర్ణము సుమారు 38,500 హెక్టార్లు, అనగా మన లెక్కకు 95,000 ఎకరములు. దీనిని 1959 జనవరి 16 వ తేదీన జాతీయవనముగ ప్రకటించిరి. అంతకు ముప్పది నలుబది సంవత్సరముల ముందునుండియు రోమన్ కొబెన్‌జా అను వృక్షశాస్త్రజ్ఞుడును, ఆయన భార్యయగు యద్వీగయు ఈ అడవిలోని మొక్క మొక్కను పరిశీలించి, దీనిని కాపాడవలెనని వాదించుచు వచ్చిరి. 2000 సంవత్సరమున యునెస్కో సంస్థ దీనిని జీవావరణ రక్షితప్రాంతముగ గుర్తించెను.

భూమి స్వభావము తెలిసిన రైతునకు ఈ అడవి నైసర్గిక స్వరూపము రెండు మాటలలో చెప్పవచ్చును: రెండు మెరకలు, రెండు పల్లములు. మంచుయుగపు చివర ఉత్తరమున గడ్డకట్టియున్న హిమరాశులు కరగగా, ఆ నీరంతయు ఈ ప్రాంతముగుండ వెడల్పైన నదియై పాఱెను. నీరు తగ్గిన పిమ్మట మిగిలిన ఇసుకను పడమటిగాలి యెత్తి తిన్నెలుగ పోసెను. తిన్నెలు కొన్ని వంపు తిరిగిన విల్లువలె నున్నవి. ఎత్తైనవి 30 మీటర్లవఱకు లేచినవి. సముద్రతీరమునకు ఇంత దూరముగ, లోనాట, ఇసుకతిన్నెలు ఇంత చక్కగా నిలిచియుండుట ఐరోపాఖండమున అరుదు. ఆ తిన్నెల వరుసలు రెండు. వాని ప్రక్కల సాగు పల్లములు రెండు. అవి చిత్తడినేలలు, పచ్చికబీళ్ళు, నీట మునిగిన పొదలు. తిన్నెలమీద పైన్ వృక్షములు, కొన్ని చోట్ల ఓక్ వృక్షములు. పల్లములలో ఆల్డర్ అను నీటిచెట్టు. ఎండ కాగిన ఇసుకనుండి మోకాలిలోతు నీటికి పది నిమిషముల నడక చాలునట్టి చోట్లు కలవు. ఎడారియు చెఱువును ఒకే పొలములో ప్రక్కప్రక్కల గీచినట్లుండును. ఈ విచిత్రమే పరుగెత్తువారి నచటికి లాగుచున్నది.

అడవిలో అక్కడక్కడ చెట్టుబోదెలమీద అడ్డముగ మూడు గీతలు కనబడును. పైనిది తెలుపు, క్రిందిది తెలుపు, నడిమిది రంగు. రంగునుబట్టి దారి. ఎఱ్ఱగీత గల దారి ముఖ్యమైనది. తూర్పున జెకానూఫ్ లెష్నీ అను గ్రామమున మొదలై, అడవి పొడవునను పోయి, పడమట బ్రోహూఫ్ గ్రామమున ముగియును. దాని పొడవు 50 కిలోమీటర్లకు మించియున్నది. దక్షిణముగ పోవు ఆకుపచ్చగీత దారి ఇంచుమించు అంతియే పొడవు కలిగి, జెలజోవా వోలా అను ఊరికి చేర్చును. ఈ గీతలు ఎఱిగినవానికి పటము లేకున్నను దారి తప్పదు. గీత కనబడుట మానినచో పది అడుగులు వెనుకకు పోయి చూడవలెను. ముందునకు పోయి వెదకరాదు. ఇది పరుగునకే గాక పొలము కొలతకును పనికివచ్చు సూత్రము.

పరుగు రీతి కొంత చెప్పవలెను. చదునైన త్రోవమీద ప్రతి అడుగును ముందటి అడుగువలెనే పడును. అడవిదారిలో ఏ రెండడుగులును ఒక్కతీరుగ పడవు. వేరుమీద ఒకటి, గుంటలో నొకటి, మెత్తని ఆకుల దుప్పటిమీద నొకటి. అందుచేత అడుగు పొట్టిది కావలెను. చూపు కాలివ్రేళ్ళమీద గాక మూడు నాలుగు బారల ముందునకు పోవలెను. కన్ను ముందుగ చూచిన చోటికి కాలు తనంతట తానే చేరును. చీలమండ చుట్టునుండు చిన్నచిన్న కండరములు, రోడ్డుమీద నిదురించునవి, ఇచట మేలుకొనును. ఇసుకమీద పరుగెత్తుటకు గట్టినేలమీదికన్న సుమారు 1.6 రెట్లు శక్తి వ్యయమగునని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిరి. వేసిన అడుగు ఇసుకను ప్రక్కకు త్రోయుటకే సగము చాలును. కావున కంపినోస్ తిన్నెలనెక్కునప్పుడు గర్వపడి పరుగెత్తువాడు తిన్నె తలమీదికి చేరులోపలనే నడకకు దిగును. తెలిసినవాడు మొదటినుండియు నడచియెక్కి, అవతలి వాలున పరుగెత్తును. నడచుట ఈ పరుగులో నామర్దా కాదు. ఇది రోడ్డుపందెములవారికి మొదట మింగుడుపడని సంగతి.

పల్లములలో మఱియొక పరీక్ష. కొన్ని చోట్ల బురదమీద పలకలు పఱచి వంతెనవలె చేసిరి. వాన కురిసిన మఱునాడు ఆ పలకలు నూనె రాచినట్లుండును. చలికాలమున చిత్తడి గడ్డకట్టి గట్టినేల యగును. ఆ దినములలోనే పరుగు సుఖము. వసంతమున మంచు కరగి పచ్చికబీళ్ళు నిండును. వేసవిలో దోమలు. మన దోమలకును వానికిని జాతిభేదమేమో గాని గుణభేదము లేదు.

ఇచట ఒక నియమము గమనింపదగినది. బాటమీద నీటిగుంట యున్నచో దాని నడుమగానే పోవలెనుగాని ప్రక్కగా పోరాదు. బూటు తడియునని ప్రక్కకు పోయిన ప్రతివాడును బాటను జానెడు వెడల్పు చేయును. వందమంది పోయినచో బాట బండిదారి యగును. బండిదారి ప్రక్కన మఱల గుంట పడును. దాని ప్రక్కగా మఱియొకడు పోవును. పొలము గట్టు ఎట్లు అరుగునో ఎఱిగినవారికి దీనిని విప్పి చెప్పనక్కఱలేదు. గుర్తువేసిన బాటను విడచి అడవిలోనికి చొఱబడరాదు. 4,600 హెక్టార్లకు మించిన భాగమును మనుష్యుని చేయి సోకకుండ పూర్తిగ ప్రకృతికే విడచిరి. అనుమతి లేక పందెములు పెట్టరాదు. పరుగెత్తువారిలో కొందఱికి ఈ నిబంధనలు విసుగు. కాని అడవి ఉన్నదిగనుక పరుగు ఉన్నది. పరుగు ఉన్నదని అడవి లేదు.

అడవి యజమానులను గూర్చియు ఒక మాట. ఎల్క్ అను మృగమును పోలిష్ వారు వోష్ అందురు. జింకల కుటుంబమున దానికన్న పెద్దది లేదు. ఎత్తైన మూపు, చేటలవంటి కొమ్ములు, గంగడోలువంటి గడ్డము, పొడవైన కాళ్ళు కలిగి, బురదలో మనము తడబడు చోట అది సుఖముగ నడచును. పూర్వమెప్పుడో ఈ అడవిలో నశించిన ఈ జాతిని 1951 లో తెచ్చి విడచిరి. నేడు వనపు చిహ్నమది. 1980 లో బీవరులను తెచ్చిరి. ఇవి పండ్లతో చెట్లు కొఱికి, వాగులకు కట్టలు కట్టి, నీరు నిలుపు చిన్న జంతువులు, కూలి పుచ్చుకొనని ఉప్పరులు. 1990 ల దశకమున లింక్స్ అను అడవిపిల్లులను తెచ్చి విడచిరి. తోడేళ్ళు మాత్రము ఎవరును పిలువకయే ఇటీవల తమంతట తాము వచ్చినవి. ఎల్క్ సాధారణముగ మనుష్యుని తప్పించుకొని పోవును. కాని దూడతోనున్న తల్లియు, శరదృతువున మదించిన మగమృగమును ప్రమాదకరములు. అది బాటమీద నిలుచున్నచో పరుగెత్తువాడు నిలువవలెను. చెవులు వెనుకకు వంచినచో వెనుకకు జరగవలెను. అది తొలగిన పిదపనే పోవలెను. అన్నిటికన్న భయపడవలసినది మాత్రము ఆవగింజంత పురుగు. గడ్డిలో కాచుకొనియుండు పిడుజు కాలికి పట్టి రక్తము పీల్చి, కొన్నిమారులు లైమ్ అను వ్యాధిని, కొన్నిమారులు మెదడువాపును అంటించును. మెదడువాపునకు టీకా కలదు. ఇల్లు చేరినవెంటనే ఒళ్ళంతయు వెదకికొనుట అచటి పరుగుగాండ్రకు స్నానమువలె నిత్యకృత్యము.

ఇంతవఱకు చెప్పినది వినినవారు, ఆ అడవి ఆదినుండియు నిర్జనమని తలంపవచ్చును. అట్లు కాదు. ఎఱ్ఱగీత, ఆకుపచ్చగీత పట్టి పోవువానికి దట్టమైన అడవి నడుమ హఠాత్తుగ ఆపిల్ చెట్లు వరుసలు తీరి కనబడును. వరుసలు తీరి చెట్లు తమంతట మొలవవు. ప్రక్కన లైలాక్ పూలపొద, అదియు పెరటిమొక్కయే. కొంచెము దూరమున నాలుగు దారులు కలియుచోట కొయ్యసిలువ. ఇల్లు మాత్రము లేదు. అచట ఒక ఊరుండెను.

ఆ యూళ్ళ కథ యిది. 18, 19 శతాబ్దములలో రైతులు పల్లపునేలలకు కాలువలు త్రవ్వి, నీరు తీసి, పచ్చికబీళ్ళును పొలములును చేసికొనిరి. వషీత్సా అను వాగును తిన్నగ కాలువగా మలచిరి. కొన్నాళ్ళు నేల ఫలించెను. కాని నీటిలో వేల సంవత్సరములు కుళ్ళి పేరుకొన్న ఆకుమన్ను నీరు తీయగనే ఎండి, కుంగి, గాలికి తగ్గిపోవుచుండెను. మెరకలలోని పైన్ చెట్ల క్రింది నీటిమట్టము కూడ దిగజాఱెను. వనము ఏర్పడిన పిదప, దాని నడుమ చిక్కిన గ్రామముల విషయము ప్రభుత్వమునకు చిక్కయ్యెను. 1975 మొదలుకొని, అమ్మదలచిన రైతుల భూములను ప్రభుత్వము కొనుచు వచ్చినది. వేలకొలది హెక్టార్లు అట్లు చేతులు మాఱినవి. కొన్న యిండ్లను తీసివేయుదురు. పొలములను కొన్నిచోట్ల వనమునకు, కొన్నిచోట్ల నీటికి విడుతురు. 2013 నుండి ఐరోపాసమాజపు ధనసహాయముతో కాలువలకు అడ్డుకట్టలు వేసి, పూర్వపు చిత్తడిని మఱల కలిగించు పనియు సాగినది. తాత త్రవ్విన కాలువను మనుమని కాలమున పూడ్చుచున్నారు.

ఇది న్యాయమా అని సభలో ఎవరైన అడుగవచ్చును. బలవంతము లేదు, వెల చెల్లించిరి, కాగితములు సరిగానే యున్నవి. అయినను రక్షితవనము నడుమ క్రొత్త యిల్లు కట్టుకొనుట కష్టమై, పడుచువారు నగరమునకు పోయి, ఇరుగుపొరుగులు ఒక్కొక్కరే అమ్మివేయగా, చివర మిగిలిన వృద్ధుడు అమ్ముటను పూర్తిగ ఇష్టముతో అమ్ముట యనవచ్చునా? క్రయపత్రమున వెల వ్రాయుదురు. వీధి వ్రాయుటకు అందు గడి యుండదు. 2006 లో కొల్లేటిలో చేపలచెఱువుల గట్లు త్రెంచినప్పటి వాదోపవాదములు తెలిసినవారికి, నీటి పక్షమునను మాట కలదు, మనుష్యుని పక్షమునను మాట కలదని వేఱుగ చెప్పవలసిన పనిలేదు. ఖాండవమును కాల్చి ఇంద్రప్రస్థము కట్టిన కథ భారతమున నున్నది. ఇచట ఊరిని తీసి అడవికిచ్చుచున్నారు. తీర్పు చెప్పుట తేలిక కాదు. ఒక్కటిమాత్రము చెప్పవచ్చును. ఆ ఆపిల్ చెట్ల నడుమ పరుగెత్తువాడు తాను ఎవరిదియు కాని నేలమీద పోవుచున్నానని తలంచినచో పొరబడినవాడగును. అది ఒకరు విడచిన నేల. గ్రనీత్సా అనుచోట, ఆ అడవి గ్రామములలోని పాత కొయ్యయిండ్లు కొన్నిటిని నిలిపి ప్రదర్శనముగ ఉంచిరి. ఆ యిండ్ల గడపలు ఎంత అరిగియున్నవో చూచుటకైనను పరుగును కొంతసేపు ఆపుట మంచిది.

ఇక అడవి తూర్పుభాగమున పల్మిరి అను చోటు కలదు. పరుగును గూర్చిన ప్రసంగమున ఈ చోటిని దాటిపోవ వీలులేదు.

1939 సెప్టెంబరులో జర్మనీ సైన్యములు పోలండును ఆక్రమించినవి. ఆ సంవత్సరము డిసెంబరు మొదలు 1941 జూలై వఱకు, వార్సా చెఱసాలలనుండి ఖైదీలను లారీలలో ఎక్కించి, పల్మిరి సమీపమున అడవిలోని ఒక ఖాళీస్థలమునకు తెచ్చి కాల్చి చంపుచు వచ్చిరి. పండితులు, వైద్యులు, న్యాయవాదులు, శాసనసభ్యులు, మతాచార్యులు, విద్యార్థులు. దేశమునకు తల అనదగినవారిని తీసివేసినచో మొండెము లొంగునని శత్రువుల లెక్క. గోతులు ముందే త్రవ్వియుంచెడివారు. కాల్పులైన పిదప మన్ను కప్పి, పైన నాచును పైన్ ఆకులను పఱచి, చిన్న పైన్ మొక్కలు నాటెడివారు. ఐదారేండ్లలో అడవి పెరిగి ఆనవాలు లేకుండ పోవలెనని వారి తలంపు. 1,700 మందికి పైగా అట్లు చనిపోయిరి.

వారి లెక్క తప్పెను. తప్పించినవారు అడవి కావలివారు. ఆదాం హెర్బాన్‌స్కి అను వనోద్యోగియు, ఆయన చేతిక్రింది వారును తుపాకుల చప్పుడు విని, కావలి సిపాయిలు మఱలిపోయిన పిదప రహస్యముగ వచ్చి, గోతులున్న చోట్ల చెట్లకు గుర్తులు పెట్టుచు వచ్చిరి. ఎవరికిని తెలియని చిన్న గుర్తులు. కనబడినచో ఆ గోతులలో పడవలసినవారు తామే. కాగితము లేదు, సంతకము లేదు, పైయధికారి యుత్తరువు లేదు. చెట్లమీద వ్రాసిన ఆ చిట్టాను వారు మనస్సునందు భద్రపఱచిరి. యుద్ధము ముగిసిన పిదప 1945 చివరినుండి రెడ్‌క్రాస్ వారు త్రవ్వకములు మొదలిడినప్పుడు ఆ చిట్టా పనికివచ్చెను. దొరికినవారిలో సుమారు మూడవవంతు మందిని జేబులలోని కాగితములను బట్టియు, వస్తువులను బట్టియు పేరుతో గుర్తించిరి. తక్కినవారికి పేరు లేని సిలువ. 1948 లో అచట శ్మశానవాటిక నిర్మించిరి. 1973 లో ఏర్పడిన మ్యూజియమునకు 2011 లో నూతన భవనము కట్టిరి.

ఆ వాటికలో ఒక సమాధిమీద యానుష్ కుసొచీన్‌స్కి అను పేరున్నది. వార్సాలో 1907 లో పుట్టినవాడు. తోటపని నేర్చి, వార్సాలోని వజెన్‌కి రాజోద్యానమున తోటమాలిగ పనిచేసినవాడు. పొట్టివాడు, చూచుటకు పరుగుగాడని తోచదు. పొలములమీదుగా పరుగెత్తు పందెములలో తన దేశమున మొదటివాడయ్యెను. 1932 లో లాస్ ఏంజలిస్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో పదివేల మీటర్ల పరుగును 30 నిమిషముల 11.4 సెకనులలో ముగించి స్వర్ణపతకము గెలిచెను. అప్పటికి దూరపు పరుగులన్నియు ఫిన్లాండువారి సొత్తు. ఆ దినమున రెండవవాడును ఫిన్లాండువాడే, మూడవవాడును ఫిన్లాండువాడే. రెండవవానికిని ఇతనికిని మధ్య సెకను పైచిల్లర మాత్రమే. పరుగుపందెమున పోలండునకు వచ్చిన మొదటి ఒలింపిక్ స్వర్ణమది. అంతకు నాలుగేండ్ల ముందు 1928 లో, పళ్ళెము విసరుటలో ఒక మహిళయు, కవిత్వమున కజిమెర్జ్ వియెజిన్‌స్కి అను కవియు ఆ దేశమునకు స్వర్ణపతకములు తెచ్చిరి. ఆ దినములలో ఒలింపిక్ క్రీడలందు కవులకును పతకము లుండెడివన్నమాట గ్రంథాలయము వారు మఱువరానిది.

1939 లో యుద్ధము రాగా కుసొచీన్‌స్కి వార్సా రక్షణలో పోరాడి గాయపడెను. నగరము పడిపోయిన పిదప, క్రీడాకారులు కొందఱు కలిసి నడపిన ఒక హోటలులో వడ్డించు పనిలో చేరెను. లోకమున వేలమంది లేచి నిలిచి చప్పట్లు కొట్టిన మనిషి పళ్ళెములు మోయుచు, రహస్యముగ స్వాతంత్ర్యోద్యమమునకు పనిచేసెను. 1940 మార్చిలో పట్టుకొనిరి. చిత్రహింసలు పెట్టిరి. 1940 జూన్ 21 వ తేదీన పల్మిరిలో కాల్చివేసిరి. అప్పటికి అతని వయస్సు ముప్పదిమూడేండ్లు. ఆ దినమున అతనితోపాటు శాసనసభకు పూర్వాధ్యక్షుడగు మచెయ్ రతాయ్‌ని, 1924 పారిస్ ఒలింపిక్సులో సైకిలు పందెమున రజతపతకము గెలిచిన తోమాష్ స్తాన్‌కేవిచ్‌ను కూడ కాల్చిరి. పరుగెత్తుటయే వృత్తిగ గలవాడు పరుగెత్తుటకు వీలులేని చోట, కన్నులకు గంత కట్టబడి నిలువవలసివచ్చెను. అడవి చుట్టును అట్లే యుండెను.

1954 నుండి అతని పేర పోలండులో క్రీడోత్సవము జరుగుచున్నది. బరిలో పరుగెత్తువారు అతనిని అచట స్మరింతురు. కాలిబాట పరుగువారికి మాత్రము అతడు దారిప్రక్కననే యున్నాడు. పల్మిరి సిలువల వరుసలదగ్గఱకు వచ్చినప్పుడు పరుగు మానవలెను. గడియారము నిలుపుటయో మానుటయో వారి వారి యిష్టము. కాళ్ళు మాత్రము నడకకు దిగవలెను. అచట ఒక్కొక్క సిలువకును ప్రక్కసిలువకును నడుమ దూరము అడుగులలో కొలువదగినది. నడచిన గాని అందలి పేర్లు చదువ వీలుకాదు. పేరులేనివానిని లెక్కించుటకైనను నడక కావలెను.

ఆ తరువాత మఱల చెట్లు, మఱల ఇసుక. ఎఱ్ఱగీత పట్టి పడమరగా పోవువాడు తిన్నెలెక్కి దిగి, పలకల వంతెనలు దాటి, ఆపిల్ చెట్ల నడుమగా, సాయంకాలమునకు బ్రోహూఫ్ చేరును. అచట 16 వ శతాబ్దపు ఇటుక చర్చి యున్నది. గుండ్రని బురుజులతో కోటవలె నుండును. 1810 లో జెలజోవా వోలాలో పుట్టిన సంగీతకర్త షోపెన్‌కు జ్ఞానస్నానము చేయించినది ఆ చర్చిలోనే. పరుగు ముగించినవారు ఊరిలో ఎచటనో కూర్చుండి, బూట్లు విప్పి, తూర్పు తిన్నెలనుండి మోసికొనివచ్చిన ఇసుకను పడమట దులిపి, పిడుజులకై పిక్కలు వెదకికొని, వార్సాకు మఱలు బస్సునకై ఎదురుచూతురు.